డబ్బాలో పడ్డ కూత

వసంత మరిగే నీళ్లలోంచి గుడ్డముక్కలను పుల్లతో పైకి తీసి, చల్లారకముందే ఒక్కొక్కటే పిండుతోంది. అరచేతులు ఎర్రబడ్డాయి. మామ ఐలయ్య పాత పంచెను చింపి, అంచులు మడిచి ఆమే కుట్టిన ముక్కలవి.

గొంతు ఆపరేషన్ అయినప్పటి నుంచి ఐలయ్యకు మాట లేదు. ఊపిరి కూడా మెడ కింద డాక్టర్లు పెట్టిన రంధ్రంలోంచే. దాని మీద దుమ్ము పడకుండా ఎప్పుడూ ఒక గుడ్డ ఉండాలి. రోజూ పొద్దున వసంత ఆరిన గుడ్డ ఒకటి అందిస్తే, ఆయన గోడవైపు తిరిగి కట్టుకుంటాడు. కట్టుకున్నాక ఒక చిటిక వేస్తాడు. అంటే సరిపోయింది, ఇక నీ పని చూసుకో బిడ్డా అని.

ఇవాళ ఆయన గుడ్డ అందుకోలేదు.

వసంత చెయ్యి చాచి నిలబడింది. అరుగు మీద గొంగడి కప్పుకుని కూర్చున్న ఐలయ్య ఆ చేతిని చూడలేదు. కోడలి ముఖమూ చూడలేదు. గొర్రెల దొడ్డివైపే చూస్తున్నాడు. మెడ మీద నిన్నటి గుడ్డే ఉంది. రాత్రి పెట్టిన జావ గిన్నె తెట్టు కట్టి పక్కనే ఉంది.

"మామా, గుడ్డ."

రంధ్రంలోంచి ఊపిరి గురగురమంది. అంతే.

వాకిట్లో అత్త తిరుపతమ్మ నూకలు చల్లుతూ కోడితో మాట్లాడుతోంది. నిన్న సాయంత్రం నుంచి ఆమె కోడలితో ఒక్క మాట మాట్లాడలేదు. పొయ్యితో మాట్లాడింది, చీపురుతో మాట్లాడింది, ఇప్పుడు కోడితో.

"బతికున్న మనిషికి దినాలు జేసిన ఇల్లు ఏడన్న ఉన్నదా కోడీ? ఉంటే జెప్పు, నేను గూడ పోయి సూసొస్త."

"అత్తా, తిట్టాల్నంటే నన్నే తిట్టు. దానికెందుకు జెప్పుడు?"

"నేనెవ్వల్ని తిట్టిన? కోడితోని మాట్లాడుకుంటున్న. ఇది పొమ్మంటే పోతది, రమ్మంటే వస్తది. దీని హద్దు దీనికి ఎర్కనే."

వసంత గుడ్డను చేతిలోనే పట్టుకుని అరుగు అంచున కూర్చుంది.

ఈ ఇంట్లో కూత అంటే మందను పిలిచే కేక ఒక్కటే కాదు. అది ఐలయ్య తండ్రి నోటి నుంచి ఐలయ్యకు వచ్చింది. కడుపులోంచి బరువుగా లేచి, మధ్యలో ఒకచోట తెగి, చివర నాలుక అంగిటికి తగిలి టక్కున ఆగుతుంది. వీళ్ల మంద ఆ కూతకు తప్ప మరో కూతకు రాదు. మనిషి పోయాక, దినాలనాడు, ఆయన గొంగడిని భుజాన వేసుకున్నవాడు మొదటిసారి ఆ కూత వేస్తాడు. అంతదాకా ఇంకో నోరు దాన్ని ముట్టకూడదు. కోడలు మామ పేరు పలకదు. ఆయన కూతా అంతే.

నిన్న వసంత పలికింది.

ఆపరేషన్ తర్వాత మందను మేపే పని ఆమె చేతికి వచ్చింది. కూత కోసం మాత్రం నోరు వాడవలసిన అవసరం రాలేదు. ఆమె భర్త శ్రీహరికి, అతని మిత్రులకు 'ఎడమ కాల్వ' అని ఒక బ్యాండ్ ఉంది. మిర్యాలగూడలో మూతబడ్డ ఒక రైస్ మిల్లు గోదాంలో వాళ్లు రికార్డు చేసిన మొదటి ఆల్బం 'వారబందీ'. కాల్వ నీళ్లను వంతులవారీగా వదిలే పద్ధతి పేరది. అందులో మొదటి పాట ఐలయ్య కూతతోనే మొదలవుతుంది. గిటార్ రాకముందు, డ్రమ్ము పడకముందు, ఒట్టి కూత. సూర్యాపేట కాలేజీలో పాడినప్పుడు పిల్లలు ఆ కూత దగ్గరే ఈలలు వేశారు.

వసంత ఆ పాటను ఫోన్లో నెట్ నుంచి పెట్టి, కట్టెకు వేలాడదీసిన చిన్న స్పీకరు డబ్బాలో వినిపించి మందను ఇంటికి మళ్లించేది. డబ్బాకు నోరు లేదు కాబట్టి తప్పు లేదు. ఐలయ్య నోరు బాగున్నప్పుడే అన్న మాట అది.

గొర్రెలకు గిటార్ కూడా అలవాటైంది. కూత అయిపోయి డ్రమ్ములు మొదలయ్యేసరికి అవి రోడ్డు దాటేసేవి. ఆ వేళకు ఐలయ్య అరుగు చివరికి వచ్చి నిలబడేవాడు. తన గొంతు దూరం నుంచి దగ్గరవుతుంటే, దాని వెనుక మంద వస్తుంటే, మెడ మీది గుడ్డ లోపలికీ బయటికీ వేగంగా కదిలేది. ఆయన రోజంతా బతికేది ఆ కాసేపటి కోసమేనని వసంతకు తెలుసు. దవాఖానలో ఇచ్చిన మిషన్‌ను గొంతుకు ఆనించి ఒక్కసారే మాట్లాడాడు. కుక్క మొరిగింది. మిషన్‌ను అటక మీద పడేశాడు. ఇక ఆయనకు మిగిలిన గొంతు ఆ పాటలో ఉన్నదే.

నిన్న కాల్వ కట్ట మీద పాట పెడితే గొర్రెలు తలలెత్తి విన్నాయి. మళ్లీ తలలు దించి మేశాయి.

ఇంకోసారి పెట్టింది. ముందు నడిచే కర్రె పొట్టేలు చెవులు విదిలించి, ఇంటివైపు కాకుండా పెద్దరోడ్డు వైపు తిరిగింది. మంద దాని వెంట పడింది. మిల్లులకు వడ్లు మోసే లారీలు ఒకదాని వెనుక ఒకటి వస్తున్నాయి. వసంత పరుగెత్తింది. ఆ పరుగులో నోరు తెరుచుకుంది. ఎవరూ నేర్పని కూత, విని విని లోపల కూర్చున్న కూత, బయటికి వచ్చేసింది.

మంద మొత్తం ఒక్కసారిగా వెనక్కి తిరిగింది.

వసంత కూడా తిరిగింది. ఆలస్యమైందని వెతుక్కుంటూ వచ్చిన ఐలయ్య కట్ట కింద నిలబడి ఉన్నాడు.

అప్పటి నుంచి ఆయన ఆమె ముఖం చూడలేదు.

తడిక జరిపి మల్సూర్ లోపలికి వచ్చాడు. ఐలయ్యకు తమ్ముడు. అన్న ముందు ఎన్నడూ మంచం మీద కూర్చోడు. ఇవాళ కూడా నేల మీద గొంతుక్కూర్చున్నాడు.

"అన్నా, తిన్నవా?"

ఐలయ్య కదల్లేదు.

"వదినె, తిన్నడా?"

"నన్నడుగుతవేంది? దినాలైనోళ్లు తింటరా?" అంది తిరుపతమ్మ. మాట గట్టిగానే మొదలైంది కాని చివర వణికింది.

"గట్లనకు వదినె. ఏందా మాట?"

"నేనన్ననా? ఊరంత అంటున్నది. బోరింగు కాడ ఆండాలు అడిగింది. మీ కోడలు గొంగడి ఎప్పుడు కప్పుకున్నదే అని. నేనేం జెప్పాలె?"

మల్సూర్ తలగుడ్డ విప్పి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. చాలాసేపు దాని ముడతలు సవరించాడు.

"పెద్దగట్టు జాతరల యాదికున్నదా అన్నా? పొట్టేలు తప్పిపోయింది. గంత జనం. డప్పులు. నువ్వు గుట్ట మీద నిలవడి ఒక్క కూతేస్తివి. జనాన్ని తోసుకుంట వచ్చె. ఎవ్వనికో కుంకుమ పళ్లెం గూడ బోర్లబడె."

ఐలయ్య పెదవి కొంచెం కదిలింది. నవ్వు కాదు.

"ఇగ నేనొక్కటే జెప్త," అన్నాడు మల్సూర్. "మందను నా దాంట్ల కలుపుకుంట. నా కూతకు అలవాటు జేస్త. ఈ కూత ఇగ ఎవ్వల నోట్లె పడొద్దు. అన్న మనసు జర నిమ్మళమైతది."

"అలవాటయ్యేదాక దేనికొస్తయ్ చిన్నమామా?" అంది వసంత.

"కట్టెకొస్తయ్. కుక్కకొస్తయ్."

"కర్రెది కట్టెకు రాదు. కొడితె మొండికేస్తది."

"రాకుంటే రాదు. నువ్విగ మాట్లాడకు బిడ్డా. నిన్న మాట్లాడింది సాలు."

అది తిట్టినట్టు కూడా అనలేదు. మెల్లగానే అన్నాడు. అందుకే వసంతకు ఎక్కువ తగిలింది.

"శ్రీహరిని రానియ్. వాన్ని ఒక్క మాట అడిగి తోలుకపోత."

అనుకున్నట్టే ఆటో వచ్చి ఆగింది. ముందు గిటార్ సంచి దిగింది, తర్వాత శ్రీహరి దిగాడు. వెనుక ల్యాప్‌టాప్ సంచిని కడుపుకు హత్తుకుని ఉషారాణి. కోదాడలో గురవయ్య సారు బిడ్డ. చర్చిలో డ్రమ్ములు నేర్చుకుని, ఈ బ్యాండ్‌లో కొట్టే పిల్ల. ఇద్దరి కళ్లూ నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. శ్రీహరి ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"అయిపోయింది వసంతా! రెండోది అయిపోయింది. 'టేలెండు'. పొద్దుగాల మిర్యాలగూడల ఆఖరి పాట ముగించి సీదా బస్సెక్కినం. చిన్నాయిన గూడ ఉన్నడు, మంచిదాయె. కూసోండ్రి, ఇనిపిస్త."

కాల్వ చివర నీళ్లందని భూములను రైతులు టేలెండు అంటారు. ఆ పేరుతో ఆల్బం చేస్తామని అతను ఏడాదిగా ఇదే వాకిట్లో తిరుగుతూ పాడుకున్నాడు. ఇప్పుడు ఎవరి ముఖమూ చూడలేదు. కట్టెకు ఉన్న డబ్బాను ఫోన్‌కు కలిపాడు.

"నాయినా, ఇండ్ల గూడ నువ్వున్నవ్. ఇను. నీ కూతతోనే ముగుస్తది."

గిటార్ మెల్లగా మొదలైంది. నీళ్లు రాని కాల్వలో నడిచినట్టు డ్రమ్ము. బాగుంది. బాగుందని వసంతకూ తెలిసింది. పాట చివరికి అన్నీ ఆగిపోయి, ఐలయ్య కూత లేచింది. శుభ్రంగా, తియ్యగా, ఒక్క గరుకు లేకుండా.

దొడ్లో గొర్రెలు నెమరేస్తూనే ఉన్నాయి. కర్రె పొట్టేలు ఒక్కసారి చెవి కదిపింది. ఈగ వాలినందుకు.

ఐలయ్య పాటను వింటున్నట్టు లేడు. గొర్రెలను చూస్తున్నాడు.

"ఆపు," అంది వసంత.

"ఇంక అయిపోలే..."

"ఆపుమంటున్న."

శ్రీహరి ఆపాడు. అప్పుడు చూశాడు అందరి ముఖాలూ.

"ఏమైంది?"

"కూతను ఏం జేసినవ్?"

"ఏం జేసిన? ఏం జెయ్యలే. నాయిన కూత గిటార్ సుతి కంటె జర కిందికుండె. హైదరాబాద్ పాటల కంపెనోళ్లు సరిజేసిండ్రు. జర పైకి లేపిండ్రు, జర జల్ది జేసిండ్రు, అంతే. 'వారబందీ' మొత్తం సాఫ్ జేసి మొన్న రాత్రి నెట్ల కొత్తది ఎక్కిచ్చిండ్రు. పాతది తీసేసిండ్రు."

"నాకు జెప్పలే."

"నీకేం జెప్పాలె? గది సౌండ్ ఇంజినీర్ల ముచ్చట. ఇన్నోళ్లంత మస్తున్నదన్నరు."

"గొర్లనడిగినవా?"

మల్సూర్ నవ్వబోయి, అన్నను చూసి, తలగుడ్డతో మూతి తుడుచుకున్నాడు.

"ఏం మాట్లాడుతున్నవ్?" అన్నాడు శ్రీహరి.

ఈసారి తిరుపతమ్మ చెప్పింది. కోడిని వదిలేసి కొడుకు ముందుకు వచ్చి నిలబడింది.

"నీ పాట గొర్లు గుర్తువట్టలే. లారీల మీదికి పోయినయ్. నీ పెండ్లాం మీ నాయిన కూతేసింది. ఆయన సూస్తుండంగ. ఎదురుంగ."

శ్రీహరి వసంత వైపు తిరిగాడు.

"నువ్వా?" అన్నాడు శ్రీహరి. "నాయిన ఉండంగ?"

"మరి లారీల కింద పడనియ్యాల్నా?"

"వేరే ఏదన్న అరవకపోయినవా?"

"నోరు తెరిస్తె అదే వచ్చింది. వేరేది రాలే."

"రాకపోవుడేంది? నీ నోరు నీ చేతుల లేదా?"

"నా నోరు నా చేతుల్నే ఉండె ఇన్నొద్దులు. నువ్వు పాట మార్చినంకనే జారింది. ఆయన కూత నీ పాటల అందంగ లేదని ఎవ్వడో అంటె ఊకొట్టి వచ్చినవ్. ఆ కూతెట్లుంటదో వానికేం ఎర్క? నీకు గూడ ఎర్కలేదా?"

ఆమె భర్తతో ఇంత మాట్లాడటం ఆ ఇంట్లో ఎవరూ విని ఉండరు. అరుగు మీద మామ ఉన్నాడని గుర్తొచ్చి గొంతు తగ్గించింది.

"పాతదాన్ని మళ్ల ఎక్కిపియ్యి. ఆ కంపెనోళ్లకు ఫోన్ జెయ్యి."

"గంత అల్కగున్నదా? వచ్చే శుక్రవారం 'టేలెండు' బయటికొస్తది. ఇప్పుడు పాతదాన్ని పెట్టుమంటె, ఇష్టం లేకపోతె పోండ్రి అంటరు. రెండోది గూడ ఆగుతది. సూర్యాపేటల నరేష్ ఉన్న నౌకరి ఇడిసిపెట్టి వచ్చిండు దీనికోసం. వానికేం జెప్పాలె నేను? గొర్లకు నచ్చలేదని జెప్పాల్నా?"

"చెప్పు. నిజమే కదా," అంది ఉషారాణి.

అందరూ అటు చూశారు. ఆమె ఇంకా గడప దగ్గరే నిలబడి ఉంది.

"నేనప్పుడే చెప్పాను వదినా. కలవకపోతే గిటార్నే దించండి, ఆయన గొంతు ముట్టుకోవద్దు అన్నాను. శ్రీహరి, నరేష్ ఒకటైపోయి, నీకు తాళం తెలుసుగానీ శ్రుతి తెలీదన్నారు. నోరు మూసుకున్నా." సంచి జిప్పు లాగింది. "కానీ అసలుది నా దగ్గరుంది. గోదాంలో పట్టింది పట్టినట్టు, కోయకముందుది."

తిరుపతమ్మ రెండు అడుగుల్లో ఆమె దగ్గరికి చేరింది. ఆ పిల్ల ఇంటికి ఎప్పుడు వచ్చినా దూరం నుంచే మంచినీళ్లు చూపించే మనిషి, ఇప్పుడు చెయ్యి పట్టుకుంది.

"ఉన్నదా? పాతది ఉన్నదా బిడ్డా? పెట్టు. గొర్లొస్తె ఇగ ఎవ్వల నోరు అక్కెర్లేదు. మల్సూరు తోలుకపోయే పని గూడ లేదు. పెట్టు పెట్టు."

వసంత అరుగు అంచు నుంచి లేచింది. ఆ కూత మళ్లీ దొరికితే సాయంత్రాలు దొరుకుతాయి. మామ అరుగు చివరికి వచ్చి నిలబడతాడు. నిన్నటిది ఒక పొరపాటుగా మిగిలిపోతుంది. ఈ గుడ్డను ఆయన అందుకుంటాడు.

"వద్దు," అన్నాడు శ్రీహరి.

"వద్దేందిరా?"

"కూత మట్టుకు కోసి తర్వాత పంపుతమమ్మా. ఉషా, మొత్తం పెట్టకు. ముందుది వద్దు."

"ముందు ఏముంది? మాటలేగా," అంది ఉషారాణి. ఆ రోజు ఆమె డ్రమ్ముల దగ్గర కాదు, బయట, ఐలయ్య వెంట మేతకు వచ్చిన గొర్రెలను ఆపుతూ నిలబడి ఉంది. లోపల ఏం మాట్లాడుకున్నారో ఆమె ఎప్పుడూ శ్రద్ధగా వినలేదు.

"మాటలే. వద్దన్న గద."

అరుగు మీద చప్పట్లు వినిపించాయి. ఒకసారి. ఐలయ్య చప్పట్లు. వేలు ల్యాప్‌టాప్ వైపు చూపిస్తోంది.

"నాయినా, తర్వాత..."

ఐలయ్య మళ్లీ చప్పట్లు కొట్టాడు. ఈసారి గట్టిగా. కోడి ఎగిరి అవతల పడింది.

ఉషారాణి అరుగు మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. డబ్బాకు కలిపింది.

ముందు గోదాం వినిపించింది. ఖాళీ గోదాంకు ఒక చప్పుడు ఉంటుంది. రేకుల మీద గాలి. ఎక్కడో పిచ్చుక. ఎవరో తీగ లాగుతున్నారు. తర్వాత గొంతు.

"ఏడ నిలవడాలెరా? గీడనా? గీ గొట్టంల ఒర్రాల్నా?"

తిరుపతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పాటలో ఉన్నది కూత ఒక్కటే. మాటలు లేవు. ఆపరేషన్ తర్వాత ఐలయ్య సొంత గొంతు మాట్లాడటం ఈ ఇల్లు ఇదే వినడం.

"జర దూరం జరుగు నాయినా. మెల్లగ కూతెయ్. చెవులు పోతయ్," అంది శ్రీహరి గొంతు. ఇప్పటికంటే లేతగా ఉంది.

"మెల్లగేస్తె గొర్రె వస్తదారా? నీ పాట వస్తదేమో. ఆగు, తంబాకు ఉమ్మొస్త." నవ్వులు. అడుగుల చప్పుడు. "మీ అమ్మకు జెప్పకు. డబ్బాల కూతేసిన్నంటె ముల్లె గట్టుకోని పోతది."

"పోతనా," అంది తిరుపతమ్మ పైకే. "ఏడికి పోత? ఏడికి పోయిన నేను?" కన్నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. డబ్బా వైపు చూస్తూ అడిగింది. పక్కన కూర్చున్న మనిషిని కాదు.

"శ్రీహరీ." డబ్బాలో ఐలయ్య గొంతు దగ్గరికి వచ్చింది. "గిది మా నాయిన దినాలనాడు నా నోట్లెకచ్చింది. నా ఎనుక నువ్వెత్తుకోవాలె. ఎత్తుకుంటవా?"

వాకిట్లో ఉన్న శ్రీహరి తల వంచుకుని నేల మీద కూర్చుండిపోయాడు.

డబ్బాలో ఉన్న శ్రీహరి నవ్వాడు. "ఇంకెందుకు నాయినా ఎత్తుకునుడు? ఆల్బంల పడుతున్నది గద, ఎప్పటికీ ఉంటది. నేనొచ్చి గొర్లెనుక కూతేసుకుంట తిరగాల్నా?"

గోదాంలో పిచ్చుక మళ్లీ అరిచింది.

"గట్లనా," అంది ఐలయ్య గొంతు. "సరే తియ్. డబ్బాకే ఇస్త."

తర్వాత కూత.

గరుకుగా, బరువుగా, మధ్యలో తెగి, టక్కున ఆగి. గోదాం గోడలు దాన్ని తిరిగి ఇచ్చాయి. రికార్డులో గిట్టల చప్పుడు మొదలైంది, మందంతా గోదాంలోకి పరుగెత్తుకొస్తోంది, ఎవరో పడిపడి నవ్వుతున్నారు, డ్రమ్ము మీద ఏదో పడింది. అదే క్షణంలో దొడ్డి తడిక ఊగింది. లోపలి గొర్రెలన్నీ ఒకేసారి దాని మీద పడ్డాయి. ఏ అరుపు డబ్బాలోదో, ఏ అరుపు దొడ్లోదో తెలియలేదు.

ఉషారాణి ఆపేసింది.

"వచ్చినయ్," అంది తిరుపతమ్మ. "సూసిండ్రా, వచ్చినయ్. ఇగ పరేషాన్ లేదు." ఆమె గొంతు దానంతట అదే చిన్నదైపోయింది.

"నాయినా," అన్నాడు శ్రీహరి. "నేనప్పుడు నవ్వులాటకన్న."

ఐలయ్య లేచాడు.

గోడకు ఆనించిన కట్టె దగ్గరికి వెళ్లి, డబ్బాకు ఉన్న తాడు విప్పసాగాడు. వసంత వేసిన ముడి. గాలికి ఊడకుండా బిగించి వేసింది. ఆయన వేళ్లకు చాలాసేపు లొంగలేదు. విప్పుతానని ఎవరూ ముందుకు రాలేదు. రాగలిగేటట్టు లేదు ఆయన నిలబడిన తీరు. ముడి ఊడింది. డబ్బాను తెచ్చి శ్రీహరి ఒడిలో పెట్టాడు. విసరలేదు. నిద్రపోతున్న పిల్లను అందించినట్టు మెల్లగా పెట్టాడు.

తర్వాత వసంత ముందుకు వచ్చాడు.

ఆమె చేతిలో గుడ్డ ఇంకా అట్లాగే ఉంది. నలిగిపోయింది. ఆయన అందుకున్నాడు. గోడవైపు తిరగలేదు. కోడలి ఎదుటే నిన్నటి గుడ్డ విప్పాడు. ఇన్నాళ్లూ ఆమె చూడని ఆ రంధ్రాన్ని ఆమె చూసింది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా దాని అంచులు కదులుతున్నాయి. తల దించుకోవాలనుకుంది. దించుకోలేకపోయింది. ఆయన కొత్త గుడ్డ కట్టుకుని, నిన్నటి నుంచి మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండుననిపించింది ఆమెకు.

చిటిక కోసం ఎదురుచూసింది. రాలేదు.

ఐలయ్య భుజం మీది గొంగడి తీశాడు. దులిపి, నాలుగు మడతలు పెట్టి, గడప పక్కన ఉన్న కొయ్యకు తగిలించాడు. తండ్రి పోయినప్పుడు దినాలదాకా ఆయన గొంగడి వేలాడిన కొయ్య అది. ఆ తర్వాత ఇన్నేళ్లూ దానికి ఎవరూ ఏదీ తగిలించలేదు.

అరుగు దిగాడు. వాకిలి దాటాడు.

"అయ్యో," అంది తిరుపతమ్మ, కొయ్యను చూసి. దవాఖానకు పోయిన రోజున కూడా ఆ గొంగడి ఆయన భుజం మీదే ఉంది. "మల్సూరూ, ఏందిది? బతికున్నోడు గొంగడి ఆడ పెడ్తడా?"

మల్సూర్ లేచాడు కాని అడుగు పడలేదు. అన్న ఏం చేశాడో అతనికీ అర్థమైంది, ఎవరి కోసం చేశాడో అర్థం కాలేదు.

"శ్రీహరీ, లే. పిలువురా మీ నాయినను. కాల్వ దిక్కు పోతున్నడు."

"నాయినా," అన్నాడు శ్రీహరి. ఒడిలో డబ్బా ఉంది. ఇన్ని సభల్లో పాడిన గొంతు వాకిలి కూడా దాటలేదు.

తిరుపతమ్మ జన్మలో మొగుడి పేరు పలికిన మనిషి కాదు. నోరు తెరిచింది, మూసింది. గిరుక్కున తిరిగి వచ్చి వసంత మణికట్టు పట్టుకుంది.

"వసంతా. నువ్వు పిలువు."

నిన్నటి నుంచి అత్త ఆమెతో అన్న మొదటి మాట అది.

"ఏమని పిలువాలె అత్తా?"

తిరుపతమ్మ పట్టిన చెయ్యి వదల్లేదు. కొయ్యకు గొంగడి కొంచెంగా ఊగుతోంది. దొడ్లో గొర్రెలన్నీ తలలెత్తి వసంత వైపే చూస్తున్నాయి.

కట్ట ఎక్కే మలుపు దగ్గర ఐలయ్య ఆగాడు. ఊపిరి కోసమో, వినడానికో. వెనక్కి తిరగలేదు. తర్వాత, ఒట్టి భుజాలతో, మలుపు తిరిగాడు.